ఆర్లాండో డిస్నీ వరల్డ్‌లో ఇద్దరికే ఒక డిన్నర్: రెస్టారెంట్ ఎంచుకోవడం ఎలా

"డిస్నీలో బెస్ట్ రెస్టారెంట్ ఏది?" అని అడిగితే పది పేర్లు వస్తాయి. పదీ మంచివే. అయినా పెళ్ళిరోజు డిన్నర్ చప్పగా ముగిసిన జంటలకు కొదవ లేదు. తిండి బాగోక కాదు. పొద్దుటినుంచీ ఎండలో పార్కంతా తిరిగి, కాళ్ళు పీకుతుంటే రెండు బస్సులు మారి, అరగంట ఆలస్యంగా చేరి, ఎక్కడ చోటిస్తే అక్కడ కూలబడాల్సి రావడం వల్ల. అందుకే రెస్టారెంట్ పేరు ఆఖర్న తేల్చండి. ఏ రోజు, ఏ వేళ, కూర్చున్నచోటి నుంచి ఏం కనిపించాలి అన్న మూడూ ముందు తేలితే పేరు దానంతటదే మిగులుతుంది.

ఇక్కడ చెప్పేదంతా ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ గురించి. 1971లో మొదలైన ఆ రిసార్ట్‌లో ఇప్పుడు నాలుగు థీమ్ పార్కులు ఉన్నాయి: మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. వాటి చుట్టూ ఇరవైకి పైగా హోటళ్ళు. మంచి రెస్టారెంట్లు పార్కుల్లోనూ ఉన్నాయి, హోటళ్ళలోనూ ఉన్నాయి. తికమక అక్కడే మొదలవుతుంది.

1. పార్కు లోపలా, హోటల్లోనా?

పార్కు లోపలి రెస్టారెంట్‌కు వెళ్ళాలంటే డిన్నర్ రిజర్వేషన్‌తో పాటు ఆ రోజు పార్కు టికెట్ కూడా ఉండాలి. ఎప్‌కాట్‌లోని మస్యూ పోల్, టకుమి-టే, లె సెలియె, యానిమల్ కింగ్‌డమ్‌లోని టిఫిన్స్, హాలీవుడ్ స్టూడియోస్‌లోని బ్రౌన్ డెర్బీ ఈ కోవలోవి. డిన్నర్ బుక్ అయింది కదా అని టికెట్ లేకుండా గేటు దగ్గరికి వెళ్తే లోపలికి పంపరు. హోటల్ రెస్టారెంట్‌కు ఈ బెడద లేదు. టికెట్ అక్కర్లేదు, ఆ హోటల్లో గది కూడా అక్కర్లేదు, రిజర్వేషన్ ఉంటే చాలు.

ఇద్దరి సాయంత్రానికి హోటల్ రెస్టారెంటే మేలు. పార్కులో తిని బయటికి వస్తే మూసే వేళకు వెనుదిరిగే జనంలో పడతారు. హోటల్లో తిని వస్తే ఎదురుగా నీళ్ళ ఒడ్డో, తోటో, నడిచే దారో ఉంటుంది. పైగా పార్కు టికెట్ లేని రోజున పగలంతా ఈతకొలను దగ్గర గడిపి, కాస్త నిద్రపోయి, స్నానం చేసి బయల్దేరవచ్చు. ఈ డిన్నర్‌ను పార్కుకు వెళ్ళని రోజునే పెట్టుకోవడం మీరు తీసుకోగల అతి మంచి నిర్ణయం. రెస్టారెంట్ మార్చినా రానంత తేడా దీంతో వస్తుంది.

మ్యాజిక్ కింగ్‌డమ్ లోపలున్న సిండరెల్లాస్ రాయల్ టేబుల్, బీ అవర్ గెస్ట్ పేర్లు వినగానే మనసు లాగుతుంది. కోటలో డిన్నర్ అంటే ఎవరికి ఇష్టం ఉండదు? కానీ అక్కడ చుట్టూ రాకుమారి గౌన్లు వేసుకున్న పిల్లలు, ఫోటోల కోసం లేచి తిరిగే కుటుంబాలు. పిల్లలతో వెళ్తే బ్రహ్మాండం. ఇద్దరే వెళ్తే మాటలు వినపడవు.

2. కళ్ళముందు ఏం ఉండాలో తేల్చుకోండి

బాణాసంచా కావాలా, నిశ్శబ్దం కావాలా, సూర్యాస్తమయం కావాలా, జంతువులు కావాలా? నాలుగూ ఒకేచోట దొరకవు. ఒకటి ఎంచుకోండి.

మ్యాజిక్ కింగ్‌డమ్ కోట మీద రాత్రిపూట కాల్చే బాణాసంచా అయితే మొదట చూడాల్సింది కాంటెంపరరీ హోటల్ 15వ అంతస్తులోని కాలిఫోర్నియా గ్రిల్. 1995 నుంచి నడుస్తోంది. మ్యాజిక్ కింగ్‌డమ్ కోట అక్కడి నుంచి ఎదురుగా కనిపిస్తుంది. ప్రదర్శన మొదలవగానే లైట్లు తగ్గించి, పార్కులో వినిపించే సంగీతాన్నే లోపలా వినిపిస్తారు. బయట నిలబడి చూడడానికి డాబా కూడా ఉంది. రిసెప్షన్ రెండో అంతస్తులో ఉంటుంది, అక్కడ పేరు చెప్పాక లిఫ్ట్‌లో పైకి తీసుకెళ్తారు. నేరుగా 15 నొక్కుదామని తిరిగి తిరిగి టైమ్ పోగొట్టుకోకండి. ప్రతి కిటికీ కోట వైపే ఉండదు, కొన్ని వేరే వైపు ఉంటాయి. అందుకని కిటికీ టేబుల్ దొరకలేదని బాధపడనక్కర్లేదు. బాణాసంచా వేళకు టేబుల్ వదిలి డాబా మీదికి వెళ్ళడమే అక్కడి మామూలు. సాయంత్రం ముందే తినేసిన వాళ్ళు బిల్లు రసీదు చూపించి బాణాసంచా వేళకు మళ్ళీ పైకి రావచ్చు. బిల్లు కట్టేటప్పుడే "రసీదుతో ఎన్నింటికి రావాలి?" అని అడిగి ఉంచుకోండి, ఆ కాగితం పారేయకండి.

అదే బాణాసంచాను నీళ్ళ మీదుగా చూడాలంటే గ్రాండ్ ఫ్లోరిడియన్ హోటల్లోని నార్కూసీస్. సెవెన్ సీస్ లగూన్ అనే సరస్సు అంచున, పడవల రేవు పక్కన ఉంటుంది. చేపలు, రొయ్యలు, స్కాలప్స్ అనే సముద్రపు ఆల్చిప్పలు ఇష్టపడే కోస్తావాళ్ళకు తగిన చోటు. ఇక్కడి నుంచి కోట కాస్త దూరం. అందువల్ల కాలిఫోర్నియా గ్రిల్ అంత భారీగా అనిపించదు కానీ గోల తక్కువ. రాత్రిపూట సరస్సు మీద దీపాల బొమ్మలు తేలుతూ పోయే ఎలక్ట్రికల్ వాటర్ పేజెంట్ కూడా ఇక్కడి నుంచి కనిపిస్తుంది. రిసార్ట్ తెరిచిన 1971 అక్టోబరు నుంచీ ఉన్న వేడుక అది. పాతకాలపు సంగీతంతో, ఆడంబరం లేకుండా సాగుతుంది. మన తెప్పోత్సవం గుర్తొస్తే తప్పు మీది కాదు.

సూర్యాస్తమయం కావాలనుకుంటే రివియేరా హోటల్ పైఅంతస్తులోని టోపోలినోస్ టెర్రస్. టోపోలినో అంటే ఇటాలియన్‌లో చిట్టెలుక, మిక్కీ మౌస్‌ను ఇటలీలో పిలిచే పేరు. 2019 డిసెంబరులో తెరిచారు. ఫ్రాన్స్, ఇటలీ తీరప్రాంతపు వంట, అక్కడే చేసే పాస్తా. పొద్దున టిఫిన్ వేళ మిక్కీ, మిన్నీ వేషగాళ్ళు టేబుళ్ళ చుట్టూ తిరుగుతారు, రాత్రి రారు. డిస్నీ యాప్‌లో రెండూ ఒకే పేరు కింద కనిపిస్తాయి కాబట్టి బుక్ చేసేటప్పుడు "డిన్నర్" అన్నది ఎంచుకున్నారో లేదో మళ్ళీ చూసుకోండి. బయటి డాబా నుంచి ఎప్‌కాట్ బాణాసంచా దూరంగా కనిపిస్తుంది. దాన్ని అసలు ఆకర్షణగా లెక్కపెట్టకుండా, దొరికితే లాభం అనుకోండి.

జంతువులు చూస్తూ తినాలంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే హోటల్లో కిడానీ విలేజ్ వైపున్న సనా. కిటికీల అవతల గడ్డిమైదానంలో జిరాఫీలు, జీబ్రాలు మేస్తుంటాయి. ఇది మిగతావాటి అంత ఖరీదైనది కాదు, అలంకారమూ తక్కువే. కానీ శాకాహార జంటకు దీన్ని మించినది రిసార్ట్‌లో దొరకడం కష్టం. ఆఫ్రికన్, భారతీయ రుచులు కలిపిన మెనూ, అందులో పేరుమోసిన బ్రెడ్ సర్వీస్: 5 రకాల నాన్, కుల్చా, పరాఠాలు, నంజుకోవడానికి 9 రకాల పచ్చళ్ళు, రైతాలు. ఇద్దరికి అదే సగం భోజనం. ఇక్కడ జనం చేసే పొరపాటు ఒక్కటే, చీకటి పడ్డాక వెళ్ళడం. చీకట్లో కిటికీలో మీ ముఖాలే కనిపిస్తాయి. ఆర్లాండోలో డిసెంబరులో సాయంత్రం 5:30 కే పొద్దుగూకుతుంది, జూన్ చివర్లో 8:25 దాకా వెలుతురు ఉంటుంది. సూర్యాస్తమయానికి గంటన్నర ముందు టేబుల్ తీసుకోండి.

అదే లాడ్జ్‌లోని జికో ఖరీదైనది, మసక వెలుతురుతో అందంగా ఉంటుంది, దక్షిణాఫ్రికా వైన్లకు పేరు. అయితే ఆఫ్రికన్ లాడ్జ్‌లో ఉంది కదా అని జంతువులు కనిపిస్తాయనుకుని బుక్ చేసేవాళ్ళు నిరాశపడతారు. గడ్డిమైదానం ఆ కిటికీల్లోంచి కనబడదు. లోపలికి వెళ్ళేముందో, తిన్నాకో హోటల్ వెనకనున్న వ్యూయింగ్ ఏరియాకు నడిచి చూడాల్సిందే.

నిశ్శబ్దమే కావాలా? అయితే గ్రాండ్ ఫ్లోరిడియన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్. 2000 నుంచి ట్రిపుల్-ఎ అనే అమెరికన్ మోటారు సంఘం ఇచ్చే అత్యున్నత ఫైవ్ డైమండ్ గుర్తింపు ఉంది, 2024లో రెస్టారెంట్లకిచ్చే పేరుమోసిన మిషెలిన్ స్టార్ వచ్చింది. చిన్న హాలు, వీణలాంటి హార్ప్ వాద్యం, ఒకదాని తర్వాత ఒకటిగా చిన్నచిన్న వంటకాలు. పదేళ్ళలోపు పిల్లలకు ప్రవేశం లేదు, కాబట్టి పక్క టేబుల్ నుంచి చెంచా ఎగిరి వచ్చి పడదు. బాణాసంచా కోసం వెళ్ళేచోటు కాదిది. కిటికీల వైపు కాక ఎదుటి మనిషి వైపు చూస్తూ మూడు గంటలు కూర్చోవడానికి. అంతసేపు కూర్చోలేని వాళ్ళకు, కొత్త రుచులంటే భయపడే వాళ్ళకు ఇది శిక్షే. మీ ఇద్దరిలో ఒకరికైనా "నాకు ఇంత పెరుగన్నం చాలు" అనే అలవాటు ఉంటే డబ్బు ఇక్కడ తగలేయకండి.

స్టేక్‌హౌస్‌ల గురించి ఒక్క మాట. ఎప్‌కాట్‌లో కెనడా పెవిలియన్ అనే విభాగంలోని లె సెలియె నేలమాళిగలాంటి రాతి కమానుల గది, నిజంగానే అందంగా ఉంటుంది. యాట్ క్లబ్‌లోని యాట్స్‌మన్ స్టేక్‌హౌస్ కూడా పేరున్నదే. కానీ రెండింటి వంటా గొడ్డుమాంసం చుట్టూ తిరుగుతుంది. బీఫ్ తినని జంట అక్కడికి వెళ్ళి చికెనో చేపో తెప్పించుకుంటే, అంత డబ్బు పోసి పక్కవాయిద్యం విన్నట్టే.

టిఫిన్స్ పేరు చూసి ఇడ్లీ, పెసరట్టు దొరుకుతాయని ఆశపడకండి. పేరు మన దేశపు ఇంగ్లీషు నుంచే తీసుకున్నారు కానీ 2016లో తెరిచిన ఆ రెస్టారెంట్ వండేది నానాదేశాల డిన్నర్.

3. రోజు, వేళ

బాణాసంచా ఎంచుకున్నవాళ్ళు ఆ రాత్రి ప్రదర్శన ఎన్నింటికో ముందు చూడాలి. సీజన్‌ను బట్టి వేళ మారుతుంది. రెండు నెలల ముందు బుక్ చేసేటప్పటికి ఆ రాత్రి వేళ ఇంకా ప్రకటించకపోవచ్చు, ప్రకటించినా మార్చవచ్చు. వారం ముందు, మళ్ళీ ఆ రోజు పొద్దున యాప్‌లో చూసుకోండి.

దీంట్లో ఒక మెలిక ఉంది. ఆగస్టు నుంచి అక్టోబరు చివరి దాకా కొన్ని రాత్రులు హాలోవీన్ పార్టీ, నవంబరు, డిసెంబరుల్లో కొన్ని రాత్రులు క్రిస్మస్ పార్టీ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో జరుగుతాయి. వాటికి వేరే టికెట్ ఉంటుంది, మామూలు టికెట్ వాళ్ళకు పార్కు సాయంత్రం 6కే ముగుస్తుంది. ఆ రాత్రుల్లో బాణాసంచా కూడా వేరే, వేళ కూడా వేరే. దసరా, దీపావళి సెలవులకు ఇండియా నుంచి వచ్చేవాళ్ళు సరిగ్గా ఈ రోజుల్లోనే ఉంటారు. ఎనిమిదికి టేబుల్ తీసుకుని, స్వీటు కూడా తినేసి, పదికి మొదలయ్యే బాణాసంచా కోసం ఖాళీ ప్లేట్ల ముందు కూర్చునే జంటలు ఇలాగే తయారవుతారు. పార్టీ తేదీలు డిస్నీ క్యాలెండర్‌లో ముందే ఉంటాయి, మీ తేదీని వాటితో సరిచూసుకోండి.

లెక్క ఇలా వేయండి. కాలిఫోర్నియా గ్రిల్‌లో మూడు కోర్సుల, అంటే మూడు విడతల భోజనానికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. బాణాసంచా వేళకు గంటా పావు ముందు కూర్చుంటే రెండో కోర్సు తినేసి, స్వీటు రాకముందు లేచి డాబా మీదికి వెళ్ళగలరు. సరిగ్గా బాణాసంచా వేళకు టేబుల్ తీసుకుంటే వెయిటర్లు కూడా పరుగుల మీద ఉంటారు, మీరూ స్థిమితంగా ఉండరు. ఆ వేళ రిజర్వేషన్లే మొదట అయిపోతాయి కాబట్టి అటూ ఇటూ వేళలు దొరకడమూ తేలిక.

వేసవిలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఆర్లాండోలో దాదాపు రోజూ మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన కురుస్తుంది. రాత్రికి తెరిపిస్తుంది. కాబట్టి వేసవిలో సాయంత్రం 5 గంటల బుకింగ్ కన్నా 7 తర్వాతది నయం. పార్కు నుంచి నేరుగా వచ్చే రోజు అయితే మాత్రం ఎనిమిది దాటి పెట్టుకోకండి. పొద్దున ఏడింటికి బయల్దేరి రోజంతా నడిచిన మనిషి రాత్రి తొమ్మిదికి ఎంత రొమాంటిక్ టేబుల్ దగ్గరైనా ఆవులిస్తాడు.

4. ఖర్చు: మెనూలో కనిపించని భాగం

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఇది అలవాటే. ఇండియా నుంచి వచ్చేవాళ్ళు మెనూ ధర చూసి లెక్కవేసుకుని బిల్లు చూసి ఉలిక్కిపడతారు. ధర మీద డిస్నీ ఉన్న ఆరెంజ్ కౌంటీలో (మన జిల్లా లాంటిది) సేల్స్ టాక్స్ 6.5 శాతం, దాని పైన టిప్పు. ఇలాంటి చోట్ల 18 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం మర్యాద కాదు, నియమంతో సమానం. ఆరుగురు, అంతకన్నా ఎక్కువ మంది కూర్చుంటే 18 శాతం బిల్లులోనే కలుపుతారు. ఇద్దరి బిల్లులో మామూలుగా కలపరు. అయినా సంతకం పెట్టేముందు "గ్రాట్యుటీ" (అంటే టిప్పే) అన్న వరుస ఉందేమో చూడండి, లేకపోతే రెండుసార్లు ఇస్తారు.

ఉదాహరణకు కాలిఫోర్నియా గ్రిల్‌లో మూడు కోర్సులకు కలిపి ఒక్కటే ధర. అది మనిషికి 89 డాలర్లు అనుకుంటే ఇద్దరికి 178. టాక్స్ 11.57, 20 శాతం టిప్పు 35.60, మొత్తం 225.17 డాలర్లు. పానీయాలు దీనికి అదనం. విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్ 2022 జూలైలో మళ్ళీ తెరిచినప్పుడు ప్రధాన హాలులో మనిషికి 295 డాలర్లు. ఆ లెక్కన ఇద్దరికి 590, టాక్స్, టిప్పు కలిపితే 746.35. ధరలు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి బుక్ చేసే రోజు మెనూ పేజీ తెరిచి ఇదే లెక్క కొత్త అంకెలతో వేసుకోండి. సులువు సూత్రం: మెనూ ధరకు నాలుగోవంతుకు పైగా కలపండి.

ఒకటే ధర ఉన్నచోట తక్కువ తిన్నా బిల్లు తగ్గదు. ఒక్క వంటకం చాలనుకునే వాళ్ళు విడివిడి ధరలున్న చోటికి వెళ్ళాలి. సనా అలాంటిదే.

మద్యానికి 21 ఏళ్ళు నిండాలి, ముఖం చూసి వదిలేయరు. ఇండియా నుంచి వచ్చినవాళ్ళు ఒరిజినల్ పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోవాలి. ఫోన్లో ఫోటో చెల్లకపోవచ్చు. తాగని వాళ్ళు మొహమాటపడనక్కర్లేదు, మద్యం లేని కాక్‌టెయిళ్ళు "జీరో ప్రూఫ్" అన్న శీర్షిక కింద మెనూలో ఉంటాయి.

5. బుకింగ్: 60 రోజుల లెక్క

రిజర్వేషన్లు తినే తేదీకి 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. డిస్నీ హోటల్లో గది తీసుకున్నవాళ్ళకు ఇక్కడ పెద్ద లాభం ఉంది. చెక్-ఇన్ తేదీకి 60 రోజుల ముందే, పది రోజుల వరకు బసలోని అన్ని డిన్నర్లూ ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. డిసెంబరు 20న చెక్-ఇన్ అయితే అక్టోబరు 21న తలుపు తెరుచుకుంటుంది, డిసెంబరు 25 డిన్నర్ కూడా ఆ రోజే బుక్ అవుతుంది. బయటి హోటల్లో ఉన్నవాళ్ళు అదే డిసెంబరు 25 కోసం అక్టోబరు 26 దాకా ఆగాలి. అందుకని కష్టంగా దొరికే రెస్టారెంట్‌ను బస మొదటి రోజుకు కాకుండా నాలుగో, ఐదో రోజుకు పెట్టుకోండి. మీకన్నా ముందు క్యూలో ఉన్నవాళ్ళు తగ్గుతారు.

ఆన్‌లైన్ బుకింగ్ తెల్లవారుజామున తూర్పు అమెరికా సమయం 6 గంటలకు మొదలవుతుంది. కాలిఫోర్నియా, సియాటిల్ తెలుగువాళ్ళకు అది 3 గంటలు, అలారం పెట్టుకోవాల్సిందే. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళకు మాత్రం హాయి: అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిపి ఉంచే నెలల్లో మధ్యాహ్నం 3:30, నవంబరు నుంచి మార్చి దాకా 4:30. ఇద్దరికి టేబుల్ కాబట్టి ఆరుగురి కుటుంబం కన్నా మీకు దొరికే అవకాశం చాలా ఎక్కువ.

ముందురోజే చేయాల్సినవి: డిస్నీ యాప్‌లో ఖాతా తెరిచి, హోటల్ బుకింగ్ నంబరు దానికి జతచేయండి. జతచేయకపోతే మీరు హోటల్ అతిథి అని యాప్‌కు తెలియదు, పది రోజుల వెసులుబాటు రాదు. క్రెడిట్ కార్డు వివరాలు ఎక్కించి ఉంచండి. ఇండియన్ కార్డు అయితే అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకాన్ని మీ బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేయాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. టేబుల్ కనిపించి కార్డు దగ్గర ఆగిపోవడం ఇక్కడే జరుగుతుంది.

దొరకలేదా? వదిలేయకండి. చాలాచోట్ల 2 గంటల ముందు దాకా ఉచితంగా రద్దు చేసుకోవచ్చు, చెప్పకుండా మానేస్తే మనిషికి 10 డాలర్లు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ కోస్తారు. దానివల్ల రెండు మూడేసి చోట్ల బుక్ చేసి పెట్టుకున్నవాళ్ళు ఆఖరి రోజుల్లో వదులుతారు. ప్రయాణానికి వారం ముందు, తర్వాత ముందురోజు రాత్రి, ఆ రోజు మధ్యాహ్నం వెతకండి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్ లాంటి చోట్ల రద్దు గడువు గంటల్లో కాదు, రోజుల్లో ఉంటుంది, జరిమానా కూడా పెద్దదే. అక్కడి షరతులు చదవకుండా బటన్ నొక్కకండి.

ఒక రెస్టారెంట్ అసలు కనిపించకపోతే మరమ్మతులకు మూసి ఉండవచ్చు. డిస్నీ వంతులవారీగా నెలల తరబడి మూసి కొత్తగా చేస్తుంది. ఆ జాబితాను విమానం టికెట్లకన్నా ముందే చూసుకోండి.

6. శాకాహారులు, గుడ్డు తిననివాళ్ళు

అలర్జీలు, ఆహార నియమాల విషయంలో డిస్నీ చాలా జాగ్రత్తగా ఉంటుంది. బుకింగ్‌లోనే రాసే వీలుంది, టేబుల్ దగ్గర చెబితే అవసరమైతే వంటవాళ్ళే వచ్చి మాట్లాడతారు. కానీ "వెజిటేరియన్" అన్న ఒక్కమాట చాలదు. ఆ మాటలో గుడ్డు ఉంటుంది, పాస్తా పిండిలో గుడ్డు కలుస్తుంది, సూప్‌కు కోడి రసం వాడి ఉండవచ్చు. "మాంసం, చేప, గుడ్డు, ఎముకల రసం ఏవీ వద్దు, పాలు, వెన్న ఫరవాలేదు" అని విడమరిచి చెప్పండి.

మెనూలో ఆకు గుర్తు ఉన్నవి ప్లాంట్-బేస్డ్ వంటకాలు. వాటిలో మాంసం, గుడ్డు, పాలు, తేనె ఏవీ వాడరు. గుడ్డు తినని వాళ్ళకు ఇదే అతి సులువైన గుర్తు, నెయ్యీ పెరుగూ కూడా ఉండవన్నది ఒక్కటే నష్టం. ఖరీదైన రెస్టారెంట్లలోనూ ఒకటి రెండు ఆకు గుర్తు వంటకాలు ఉంటాయి, ముందుగానే మెనూ పేజీలో చూసుకోండి. ఒకే ఒక్కటి ఉండి అది మీకు నచ్చకపోతే రెస్టారెంట్ మార్చండి. అంత ఖర్చుపెట్టి సలాడ్ తినాల్సిన పని లేదు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్‌లో ముందుగా చెబితే శాకాహార మెనూ చేస్తారు. బుకింగ్‌లో రాయడంతో సరిపెట్టక కొద్దిరోజుల ముందు ఫోన్ చేసి కూడా చెప్పండి.

కారం ఉండదు. "హాట్ సాస్ ఉందా?" అని అడగడానికి సిగ్గుపడకండి, మందలించేవాళ్ళు ఎవరూ లేరు.

7. బట్టలు, దారి

ఈ రెస్టారెంట్లలో ఈత దుస్తులు, చేతుల్లేని బనియన్లు, చిరిగిన బట్టలు పనికిరావు. మగవాళ్ళకు కాలరు చొక్కా, ప్యాంటు చాలు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్‌కు ఇంకాస్త ఎక్కువ, అక్కడికి కోటు వేసుకుంటేనే బాగుంటుంది. పట్టుచీర, కుర్తా అన్నిచోట్లా నిక్షేపంగా సరిపోతాయి. ఫ్లోరిడాలో బయట ఉక్కపోత, లోపల ఏసీ వణికిస్తుంది. ఒక శాలువా దగ్గర ఉంచుకోండి.

దారి గురించి అందరూ తక్కువ అంచనా వేస్తారు. ఒక డిస్నీ హోటల్ నుంచి ఇంకో డిస్నీ హోటల్‌కు నేరుగా బస్సు ఉండదు. ఏదో ఒక పార్కుకో, డిస్నీ స్ప్రింగ్స్ బజారుకో వెళ్ళి మారాలి, గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. ఊబరో, లిఫ్ట్ (Lyft) అనే టాక్సీయో తీసుకోండి, చాలా హోటళ్ళ మధ్య ఇరవై నిమిషాల పని. సొంత కారో అద్దె కారో ఉంటే హోటల్ గేటు దగ్గర డిన్నర్ రిజర్వేషన్ చూపిస్తే పార్కింగ్ ఉచితం.

కొన్నిచోట్లకు మంచి దారులున్నాయి. మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి కాంటెంపరరీకి నడక పది నిమిషాలు, మోనోరైల్ కన్నా అదే త్వరగా అవుతుంది. గ్రాండ్ ఫ్లోరిడియన్‌కు మోనోరైల్, పడవ, 2020లో తెరిచిన నడక దారి మూడూ ఉన్నాయి. పడవే అందమైనది. రివియేరాకు ఎప్‌కాట్ వెనక గేటు నుంచి స్కైలైనర్ తీగబండి వెళ్తుంది. దాని పెట్టెలు పూర్తిగా ఆగవు, మెల్లగా కదులుతుండగానే ఎక్కాలి. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని ఎక్కండి, లేదా ఆపి ఎక్కించే పక్క వరుస అడగండి. మెరుపులు మెరిస్తే స్కైలైనర్ ఆపేస్తారు, దాని మీదే ఆధారపడి సమయం లెక్కవేయకండి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌కు రైలూ లేదు, పడవా లేదు. బస్సు, కారు మాత్రమే. సనా, జికోలకు పావుగంట ఎక్కువే కలుపుకోండి.

8. ఆ సాయంత్రం

బుకింగ్‌లో "పెళ్ళిరోజు" అని ఎంచుకునే చోటు ఉంది, ఎంచుకోండి. హోటల్ ఫ్రంట్ డెస్క్‌లో అడిగితే వేడుక బ్యాడ్జీ ఉచితంగా ఇస్తారు. పట్టుచీర మీద పెట్టుకోవడం మీ ఇష్టం. కార్డో, చిన్న స్వీటో రావచ్చు, రాకపోవచ్చు. దాన్ని హక్కుగా అడిగితే బాగోదు. గులాబీలు టేబుల్ మీదే కావాలంటే డిస్నీ ఫ్లోరల్ అండ్ గిఫ్ట్స్‌లో కొద్దిరోజుల ముందు ఆర్డరు పెట్టాలి.

పావుగంట ముందు చేరండి. మంచి టేబుల్ కోసం చెప్పాల్సిన మాట లోపల కూర్చున్నాక కాదు, పేరు రాయించేటప్పుడే చెప్పాలి: "మా పెళ్ళిరోజు. కిటికీ పక్క టేబుల్ ఖాళీ అయ్యేదాకా ఇరవై నిమిషాలు ఆగమన్నా ఆగుతాం." ఆగుతామన్న రెండో వాక్యమే పని చేస్తుంది. కిటికీ కావాలని మాత్రమే అడిగితే ఖాళీ లేదంటారు, నిజంగా ఖాళీ ఉండదు. ఇచ్చిన టేబుల్ నడవలోనో, వంటగది తలుపు దగ్గరో ఉంటే కూర్చోకముందే, నీళ్ళు పోయకముందే నెమ్మదిగా అడగండి. ఆర్డరిచ్చాక మార్చడం వాళ్ళకీ కష్టం.

చిన్నపిల్లలతో వచ్చిన జంటకు ఇవన్నీ ఎలా కుదురుతాయంటే, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యలు గదిలో ఉంటేనే. అలాంటప్పుడు మీరున్న హోటల్లోని రెస్టారెంటో, మోనోరైల్‌లో ఒక స్టేషను దూరంలో ఉన్నదో ఎంచుకోండి. చంటిపిల్ల ఏడుపు ఆపలేదని ఫోన్ వస్తే పది నిమిషాల్లో వెళ్ళగలగాలి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్ ఆ ట్రిప్పుకు వద్దు, నాలుగో వంటకం దగ్గర లేచి రావాల్సి వస్తుంది.

ఎక్కడా టేబుల్ దొరకని రాత్రికి కూడా దారి ఉంది. గ్రాండ్ ఫ్లోరిడియన్‌లోని ఎన్‌చాంటెడ్ రోజ్ లౌంజ్‌లో రిజర్వేషన్ లేకుండా ఇద్దరికి చోటు దొరుకుతుంది, బాణాసంచాకు రెండు గంటల ముందు వెళ్తే తేలిక. చిన్న ప్లేట్లు రెండు మూడు తిని, పక్కనున్న పాలినేషియన్ హోటల్ ఇసుక తీరానికి నడవండి. కోట మీది బాణాసంచా సరస్సు అవతల నుంచి అక్కడ పూర్తిగా కనిపిస్తుంది, కుర్చీలు ఉంటాయి, డబ్బులు అక్కర్లేదు. తిరుగు మోనోరైల్ పార్కు మూసిన గంట దాకా నడుస్తుంది. బాణాసంచా అయిన వెంటనే ఎక్కితే పార్కు జనంతో కిక్కిరిసి ఉంటుంది, ఓ ముప్పావుగంట ఇసుకలోనే కూర్చోండి.